సెంట్రింగ్ లేని కప్పు

న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌కు వచ్చినవాళ్లంతా పెద్ద హాల్లో నక్షత్రాల కప్పును ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. కింది అంతస్తుకు దిగే ర్యాంపుల దగ్గర, ఆయిస్టర్ బార్ అనే హోటల్ ముందు, ఎత్తు తక్కువగా వంపు తిరిగిన ఇంకో కప్పు ఉంది. స్టాంఫర్డ్ నుంచి రోజూ రైల్లో వచ్చిపోయే నాకు అది చాన్నాళ్లు వట్టి దారే. మీటింగ్ సాగితే రైలు పోతుంది. రైలు పోతే ఇండియా టీమ్‌తో కాల్ ప్లాట్‌ఫాం మీదే. ఆ టెన్షన్‌లో తల పైకెత్తేదెవరు?

ఒక సాయంత్రం రైలు లేటు. అక్కడ ఇద్దరు పెద్దమనుషులు, బడిలో శిక్ష పడ్డ పిల్లల్లా, ఎదురెదురు మూలల్లో గోడకు ముఖం పెట్టి నిలబడి నవ్వుకుంటున్నారు. నాతో ఉన్న పలమనేరు కుర్రాడు వాళ్లు పోయాక అవతలి మూలకు వెళ్లాడు. సుమారు 30 అడుగుల దూరం, మధ్యలో జనం, సూట్‌కేసుల చప్పుడు.

"ఏం నా, బాగుండావా?"

నా చెవి పక్కనే అన్నట్టు వినిపించింది. మూలలో అన్న మాట కప్పు వంపు వెంబడే పాకి ఎదురు మూలకు దిగుతుంది. పైనున్న గట్టి పెంకులు శబ్దాన్ని పీల్చుకోవు కాబట్టి గుసగుస కూడా చెదరదు. మేనేజర్ గురించి అనుకోవాల్సినవన్నీ ఆ తర్వాత మేం అక్కడే అనుకున్నాం. మధ్యలో నడిచేవాళ్లకు వినపడదు, వినపడినా తెలుగు రాదు.

సెలవుకు తిరుపతి వచ్చినప్పుడు పెద్దనాయనకు ఫోన్లో ఫొటో చూపించాను. ఆయన ఒకప్పుడు సున్నం పని చేసిన మేస్త్రీ. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి మిద్దెలు వేసిన చెయ్యి. గుసగుసల సంగతి పట్టించుకోలేదు. ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, "సెంట్రింగ్ ఎట్లా కొట్టినారురా దీనికి?" అన్నాడు.

సెంట్రింగ్ అంటే కప్పు గట్టిపడేదాకా కింద నిలిపే కట్టెల ఆసరా. దాదాపు అది లేకుండానే కట్టారని చెప్పాను. పలచటి పెంకుల మొదటి వరసను త్వరగా బిగిసే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అంటించి, దాని మీద సిమెంటుతో ఇంకో వరస, ఇంకో వరస. కింద వరసే పై వరసకు ఆధారం. ఈ పద్ధతిని అమెరికాలో పాతుకునేలా చేసిన రఫాయెల్ గుస్తావినో, 1881లో చిన్న కొడుకును వెంటబెట్టుకుని స్పెయిన్ నుంచి వలస వచ్చినవాడు. 1908లో ఆయన పోయాక కంపెనీని ఆ కొడుకే నడిపాడు. స్టేషన్ తెరిచింది 1913లో. తమాషా ఏమిటంటే, గుసగుసను మోసే కప్పు కట్టిన ఆ కంపెనీయే తర్వాత హార్వర్డ్ శాస్త్రవేత్త వాలెస్ సాబిన్‌తో కలిసి శబ్దాన్ని పీల్చేసే పెంకులూ తయారుచేసింది.

పెద్దనాయనకు ఆ ప్లాస్టర్ నచ్చలేదు. "తేమ తగిలితే?" అన్నాడు. అందుకేగా పైన సిమెంటు అన్నాను. తల ఊపాడు గానీ పూర్తిగా ఒప్పుకోలేదు. మర్నాడు నన్ను చంద్రగిరి రాజమహల్‌కు లాక్కెళ్లాడు. కట్టె ముక్క వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన విజయనగర కట్టడం. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి చూశాను, అంటే పరిగెత్తాను. ఇప్పుడు ఆయన ఒక్కో కమాను కింద నన్ను నిలబెట్టి బరువు ఎటు దిగుతుందో చేత్తో గీసి చూపించాడు. ఇక్కడా మూలల్లో మాట్లాడి చూద్దామనుకున్నాను. లోపలంతా మ్యూజియం, గార్డు చూస్తున్నాడు. గోడకు ముఖం పెట్టే ధైర్యం చాల్లేదు.

బస్సులో అడిగాను, అమెరికా వస్తావా, పాస్‌పోర్ట్‌కు తిరుపతిలోనే అప్లై చేద్దాం అని.

"వస్తా. ఆ మొదటి వరస ఎట్లా నిలబడిందో చూడాల," అన్నాడు. "మాట వినేదానికైతే ఎందుకు, ఫోన్లో రోజూ వింటానే ఉండా కదా."