ఎమన్స్ గారి రెండు పెడల్స్

కాలితో పెడల్స్ తొక్కి తీగల స్వరం మార్చే పెడల్ స్టీల్ గిటార్ వాయించడంలో దిట్ట, బడ్డీ ఎమన్స్ 2015లో పోయారు. ఆయన్ని నేనెప్పుడూ కలవలేదు. అయినా పెడల్ స్టీల్ ముందు కూర్చుంటే నా ఎడమ కాలు ఆయన మాటే వింటుంది. ఆయన మార్చకముందు ఒకే పెడల్ తొక్కితే రెండు స్వరాలూ కలిసి పైకి లేచేవి. ఆయన వాటిని రెండు పెడల్స్‌కి విడదీశారు. దాంతో ఒక స్వరం కదలకుండా నిలబడితే, పక్కది మెల్లగా జారుతూ దాని దగ్గరికి వస్తుంది. వినేవాళ్ల మనసు కరిగేది సరిగ్గా అక్కడే!

1963లో స్టీల్ మీద జాజ్ ఆల్బమ్ చేసిన ధైర్యం కూడా ఆయనదే. నాకు మాత్రం అమెరికన్ కంట్రీ గాయకుడు రే ప్రైస్ పాటల వెనకాల వాయించిన ఎమన్స్ అంటేనే ప్రాణం. గాయకుడు ఊపిరి తీసుకునే జాగాలోకి వచ్చి, నాలుగు స్వరాలు పలికించి, పక్కకి తప్పుకుంటారు. అంత తక్కువ వాయించడం కోసమే ఇప్పటికీ సాధన చేస్తున్నాను, సార్.