ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీ చూడబోతే

ఇంజినీరింగ్ సీటు కోసం ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు (ఆన్‌లైన్‌లో కాలేజీలు, బ్రాంచీల ఎంపిక) పెట్టే ముందు కాలేజీ చూడాలంటే ఆదివారం వద్దు, క్లాసులు జరిగే రోజే వెళ్లండి. వెంట తిప్పే విద్యార్థిని సాధారణంగా కాలేజీయే ఎంచి పంపుతుంది. ఆడిటోరియం, జిమ్ చూపిస్తారు, చూడండి. కానీ ల్యాబ్ నడుస్తుండగా చూడాలని గట్టిగా అడగండి: ఒక్కో సిస్టమ్ దగ్గర ఎంతమంది? రికార్డుల్లో తేదీలు ఈ సెమిస్టర్‌వేనా? మధ్యాహ్నం హాస్టల్ మెస్‌లోనే తినండి. తర్వాత గేటు బయట బస్సు కోసం నిలబడ్డ సెకండియర్ పిల్లల్ని అడగండి, సెమిస్టర్ మధ్యలో ఎంతమంది లెక్చరర్లు మారారని. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. జీతాలు ఆలస్యమయ్యే చోట మంచివాళ్లు నిలవరు.

ఫ్లెక్సీ మీది హైయెస్ట్ ప్యాకేజీ ఒక్కరిది. కేంద్రం ర్యాంకింగ్ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు కాలేజీ ఇచ్చిన వివరాల్లో మీడియన్ జీతం, అంటే వరుసలో సరిగ్గా మధ్యన ఉన్నవాళ్ల జీతం, దొరుకుతుంది. నాణ్యతను తూచే సంస్థలు రెండు, న్యాక్, ఎన్‌బీఏ: న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానిది, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచీల వారీగా ఉంటుంది. మీ బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా, గడువు ఎప్పటిదాకా అన్నది చూసుకోండి.