తొట్టిలో నిజంగా ఎన్ని లీటర్లు?

ఇవాళ నీళ్ళు మార్చే రోజు. ఫిల్టర్ కడిగేలోపు అక్వేరియం లెక్క కూడా తేల్చేయాలని టేపు, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకున్నాను. తొట్టి కొలతలు అంగుళాల్లో ఉన్నాయి, ఫిల్టర్ సామర్థ్యం లీటర్లలో. మందు సీసా మీదేమో 10 గ్యాలన్లకు 5 మిల్లీలీటర్లు అని రాసి ఉంది. వీటన్నిటినీ లీటర్లలోకి తెచ్చుకుంటే తర్వాత పని సులువు.

తొట్టి 24 × 12 × 15 అంగుళాలు. నేను అంగుళాలతో గుణించను. ముందు ఒక్కో కొలతనూ 2.54తో గుణించి సెంటీమీటర్లు చేస్తాను: 60.96, 30.48, 38.1. ఈ మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే 70.8 లీటర్లు. అంగుళాల్లోనే గుణిస్తే 4,320 ఘనపు అంగుళాలు వస్తాయి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆ 4,320ని 2.54తో ఒక్కసారి గుణించి ఊరుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ మారాలి కాబట్టి 2.54ని మూడుసార్లు వేయాలి, అంటే 16.387. ఒక ఘనపు అంగుళం 16.387 మిల్లీలీటర్లు. సరిచూసుకోవడానికి అడుగుల లెక్క బాగుంటుంది: 2 × 1 × 1.25 అంటే 2.5 ఘనపు అడుగులు, ఘనపు అడుగుకు 28.32 లీటర్లు, మళ్ళీ అదే 70.8.

ఇక గ్యాలన్. ఇది రెండు రకాలు. అమెరికా గ్యాలన్ 231 ఘనపు అంగుళాలు, అంటే 3.785 లీటర్లు. అది ఇంగ్లండులో ఆన్ రాణి కాలం నాటి ద్రాక్షసారా (వైన్) కొలత, అమెరికా దాన్నే ఉంచుకుంది. బ్రిటన్ 1824లో చట్టం చేసి పది పౌండ్ల నీళ్ళు పట్టే కొత్త గ్యాలన్ పెట్టుకుంది, అది 4.546 లీటర్లు. రెండింటికీ తేడా 20 శాతం. మన 70.8 లీటర్లు అమెరికా లెక్కలో 18.7 గ్యాలన్లు, బ్రిటన్ లెక్కలో 15.6. సీసా మీద ఏ గ్యాలనో రాయకపోతే పక్కన చిన్న అక్షరాల్లో లీటర్లు ఉన్నాయేమో చూడాలి. 10 గ్యాలన్ల పక్కన 38 లీటర్లు అని ఉంటే అమెరికాది, 45 అని ఉంటే బ్రిటన్‌ది. లీటర్లు అసలే లేకపోతే తయారైన దేశం చూసుకోవాలి. ఔన్సుల్లోనూ ఇదే గొడవ, కాకపోతే తేడా తక్కువ: అమెరికా ద్రవ ఔన్సు 29.57 మిల్లీలీటర్లు, బ్రిటన్‌ది 28.41.

మార్పిడి ఎంత కచ్చితంగా చేసినా 70.8 అనేది తొట్టి బయటి కొలత. చేపలు ఈదేది అందులో కాదు. గాజు మందం 6 మిల్లీమీటర్లు, రెండు వైపులా పోతే లోపలి పొడవు 59.76, వెడల్పు 29.28 సెంటీమీటర్లు. ఎత్తులో అడుగు గాజు 6 మిల్లీమీటర్లు, పైన వదిలిన ఖాళీ 4 సెంటీమీటర్లు పోతే నీటి ఎత్తు 33.5. ఇక్కడికే 58.6 లీటర్లకు దిగింది. అడుగున 14 కిలోల గులకరాళ్ళు ఉన్నాయి. వాటి మధ్య సందుల్లో నీళ్ళుంటాయి కాబట్టి రాళ్ళ పొర మందం చూసి మొత్తం తీసేయకూడదు, బరువు చూసి తీయాలి. మామూలు గులకరాయి లీటరుకు దాదాపు 2.65 కిలోలు తూగుతుంది. 14ని 2.65తో భాగిస్తే 5.3 లీటర్లు. అలంకరణకు పెట్టిన బండలు 3 కిలోలు, వాటికి ఇంకో 1.1. మిగిలింది 52 లీటర్లు. బుడగరాయిలాంటి తేలికపాటి రాళ్ళకు ఈ 2.65 పనికిరాదు. బయట బిగించే క్యానిస్టర్ ఫిల్టర్ ఉంటే దానిలో నిలిచే నీళ్ళు కలుపుకోవాలి.

70.8 ఎక్కడ, 52 ఎక్కడ! ఆ సీసా బ్రిటన్ గ్యాలన్‌దైతే 52 లీటర్లకు పడాల్సింది 5.7 మిల్లీలీటర్లు. బయటి కొలత తీసుకుని, అమెరికా గ్యాలన్ అనుకుంటే 9.4 అవుతుంది, ఒకటిన్నర రెట్లు దాటిపోయింది. ఉప్పయితే చాలా చేపలు కొంత తట్టుకుంటాయి. రాగి మందు అలా కాదు. సముద్రపు చేపల చికిత్సలో అయానిక్ రాగిని, అంటే నీటిలో అయాన్లుగా కరిగి ఉండే రాగిని, లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య నిలపాలి. అందుకే మందు వేసేటప్పుడు నీటి లెక్కను కిందికి సవరించుకోవడమే నాకు ఇష్టం. స్టాండు మోసే బరువు లెక్కకు మాత్రం పైకి: నీళ్ళు 52, రాళ్ళు 17, గాజు 13, మొత్తం 82 కిలోలు, నేను 90 అని రాసుకుంటాను.

ఈ లెక్కలన్నిటికన్నా నమ్మదగింది బకెట్. బకెట్ మీద అచ్చేసిన గీతల్ని నమ్మక్కర్లేదు. ఖాళీ బకెట్ తూచి, నీళ్ళతో తూచి తీసివేస్తే వచ్చిన కిలోలే లీటర్లు. తొట్టి గాజు మీద నిలువుగా కాగితపు టేపు అంటించి సెంటీమీటర్ గీతలు గీశాను. లోపలి పొడవు, వెడల్పు గుణిస్తే 1,750 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక సెంటీమీటర్ నీళ్ళు 1.75 లీటర్లు. పావు వంతు మార్చాలంటే 13 లీటర్లు, గీతల మీద 7.4 సెంటీమీటర్లు దించితే చాలు. తూచిన పది లీటర్లు పోస్తే నీళ్ళు 5.7 సెంటీమీటర్లు పెరగాలి. ఇవాళ ఆరుకు దగ్గరగా పెరిగాయి. ఆ ఎత్తులో బండ ఒకటి నీటి చోటు ఆక్రమించింది కదా, అదీ సరిగ్గానే ఉంది.

ఉప్పు లెక్క కూడా దీన్నిబట్టే. లీటరుకు 3 గ్రాములంటే 52 లీటర్లకు 156 గ్రాములు. 13 లీటర్లు తీసి కొత్తవి పోసినప్పుడు మళ్ళీ వేయాల్సింది 39 గ్రాములే. ఆవిరైన నీటికి బదులు పోసేటప్పుడు అసలు వేయకూడదు, ఉప్పు ఆవిరవదు కాబట్టి. చెంచాలతో కొలవడం నాకు నచ్చదు. 5 మిల్లీలీటర్ల చెంచాలో మెత్తని ఉప్పు 6 గ్రాములు పడితే, గళ్ళుప్పు అంతకన్నా తక్కువే పడుతుంది. చిన్న తూకం మిషన్ ఉంటే ఈ తంటా లేదు. క్లోరిన్ విరుగుడు మందు దగ్గర ఇంకో సంగతి: నీళ్ళు నేరుగా తొట్టిలో పోస్తే చాలా సీసాల మీద మొత్తం తొట్టికి సరిపడా వేయమని ఉంటుంది, బకెట్‌లోనే కలిపితే ఆ బకెట్‌కు సరిపడా చాలు.

ఫిల్టర్‌ది చిన్న లెక్క. తొట్టి నీళ్ళన్నీ గంటకు ఐదు సార్లు ఫిల్టర్‌లోంచి తిరగాలంటే గంటకు 260 లీటర్లు, అమెరికా గ్యాలన్లలో దాదాపు 69. డబ్బా మీద అంకె సాధారణంగా లోపల స్పాంజి లేకుండా, నీరు పైకి ఎక్కే ఎత్తు లేకుండా చూసినది. కాబట్టి కాస్త పెద్దదే ఎంచుకోవాలి.

గుండ్రటి తొట్టికి వ్యాసంలో సగాన్ని దానితోనే గుణించి, 3.1416తోనూ ఎత్తుతోనూ గుణించాలి. లోపలి వ్యాసం 40, నీటి ఎత్తు 40 సెంటీమీటర్లయితే 50.3 లీటర్లు. ఆరు మూలలదానికి భుజాన్ని భుజంతో గుణించి 2.598తోనూ, ఎత్తుతోనూ గుణించాలి. ముందు గాజు వంపు తిరిగిన తొట్టికి, గాజు గిన్నెకు సూత్రాల జోలికి పోకుండా తూచిన నీళ్ళు పోసి చూసుకోవడమే మేలు. జబ్బు చేపల్ని విడిగా ఉంచే తొట్టిలో రాళ్ళుండవు కాబట్టి అక్కడ లెక్క ఇంకా తేలిక: అయిదేసి లీటర్లు పోస్తూ ప్రతిసారీ ఒక గీత గీసేయొచ్చు.