‘అరబ్ బులెటిన్’ అసలు ప్రతులు చదవడం – నా అనుభవం

ఎం.ఏ. ప్రాజెక్టుకి మొదటి ప్రపంచయుద్ధం తీసుకున్నాక, ‘అరబ్ బులెటిన్’ గురించి ఎవరో రాసింది కాకుండా ఆ పత్రికనే చదవాలని పట్టుబట్టాను. కైరోలో బ్రిటిష్ వాళ్ళ అరబ్ బ్యూరో అనే గూఢచార కార్యాలయం నడిపిన రహస్య పత్రిక అది. మొదటి సంచిక తేదీ 1916 జూన్ 6. మక్కా పాలకుడు షరీఫ్ హుస్సేన్ టర్కీ సుల్తాను మీద తిరగబడింది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆ సంచిక ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపడ్డ బ్రిటిష్ అధికారి టి.ఇ. లారెన్స్ చేతుల మీదుగా వచ్చింది. తర్వాత బాధ్యత హోగార్త్‌ది, ఆయన పురావస్తు పండితుడు. ఎంపిక చేసిన అధికారులకి తప్ప ఈ పత్రిక ఎవరికీ అందేది కాదు.

లండన్ వెళ్ళే స్తోమత లేదు. అదృష్టం ఏమిటంటే, ఇండియా ఆఫీసుకి (లండన్‌లో భారత వ్యవహారాలు చూసిన శాఖ) చేరిన ప్రతులు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. వాటిని ఖతార్ డిజిటల్ లైబ్రరీ ఉచితంగా నెట్‌లో పెట్టింది.

దొరకడం తేలికే, అందులో వెతకడమే కష్టం. పేజీల పక్కన ఉండే పాఠం యంత్రం చదివి ఇచ్చింది, తప్పులు బోలెడు. పైగా హుస్సేన్ కొడుకు ఫైసల్ పేరు, ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న యంబో రేవు పేరు ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు. స్పెల్లింగులన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని, ఒక్కోటీ కొట్టి చూస్తూ పోయాను. ఇంకో తలనొప్పి పేజీ నంబర్లు. అచ్చులో ఒకటి ఉంటే, కుడివైపు పైమూల పెన్సిల్‌తో సున్నా చుట్టిన అంకె ఇంకొకటి. ఉటంకించేటప్పుడు పెన్సిల్ అంకే వేయమన్నారు మా గైడ్ మేడమ్.

టెలిగ్రాముల ముక్కలు ఉంటాయనుకుంటే, ఏ తెగకి ఏ తెగతో పగ, ఏ బావిలో నీళ్ళున్నాయి అంటూ తీరిగ్గా రాసిన వ్యాసాలున్నాయి! 1917 ఆగస్టు 20 సంచికలో లారెన్స్ ‘ఇరవై ఏడు సూత్రాలు’ ఉన్నాయి. బెదూయిన్లతో, అంటే ఎడారిలో తిరిగే అరబ్ తెగలవాళ్ళతో, పనిచేసే అధికారులకి సలహాలవి: నాయకుడి నమ్మకం సంపాదించు, అన్నీ నీ చేతులతో చేసేయకు, వాళ్ళు ఓ మాదిరిగా చేసినా వాళ్ళనే చేయనీ. ఇవి బెదూయిన్లకే వర్తిస్తాయని ఆయనే మొదట్లో చెప్పాడు. ఇప్పుడు ఉటంకించేవాళ్ళు చాలామంది ఆ మాట వదిలేస్తారు.

నాకు అర్థమైనంతలో ఇది ఒట్టి సమాచార పత్రిక కాదు. టర్కీ సుల్తానే ముస్లింల మతపెద్ద అయిన ఖలీఫా కూడా; ఆయన మీద తిరుగుబాటంటే ఇక్కడి ముస్లింలు భగ్గుమంటారని భారత ప్రభుత్వానికి భయం. తిరుగుబాటుని వెనకేసుకొచ్చింది కైరో. కాబట్టి బులెటిన్ రాసే ప్రతి మాటలో కొంత వకాల్తా ఉంటుంది. అందుకే దీన్ని ఒంటరిగా నమ్మకుండా, భారత ప్రభుత్వ విదేశాంగ శాఖ ఫైళ్ళతో పక్కపక్కన పెట్టి చదవాలి. అవి నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ సైట్లో వెతుకుతున్నాను. స్కాన్ లేనివాటికి మాత్రం ఢిల్లీ జన్‌పథ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్ళక తప్పేలా లేదు.