తాతయ్యకి ట్రంప్ ఎందుకు నచ్చుతాడు?

అమెరికా నుంచి వేసవి సెలవులకి విశాఖ వచ్చే పిల్లలకి ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో భోజనాల దగ్గర ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినిపిస్తుంది: "ట్రంప్ మొహమాటం లేకుండా ఉన్నదున్నట్టు చెప్తాడే." ఎనిమిదో క్లాసు పిల్ల వెంటనే "అతను రేసిస్టు తాతయ్యా" అంటుంది. "ఇవన్నీ మీ స్కూలు బుద్ధులు" అని ఆయన. ఇక ఆ పూటకి మాటల్లేవు. (ట్రంప్ ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ భార్య ఉష తెలుగువాళ్ల అమ్మాయన్న మురిపెం వేరే.)

ఇక్కడ అమ్మానాన్నలు తీర్పు చెప్పడానికి దిగితే పని చెడుతుంది. సూటిగా మాట్లాడే మితవాద (రైట్ వింగ్) నాయకుడు మామూలు ఓటరుకి ఎందుకు నచ్చుతాడో ముందు పిల్లకి తెలియాలి. దానికి గాజువాక ఉదాహరణ చాలు. 2021 జనవరిలో కేంద్రం స్టీల్‌ప్లాంటులో "వంద శాతం వ్యూహాత్మక పెట్టుబడుల ఉపసంహరణ"కి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. జనం ఆ మాటని "అమ్మేస్తున్నారు" అని చదువుకున్నారు. ఆ మెలిక మాట అన్నది బీజేపీ, అంటే మితవాద ప్రభుత్వమే. కాబట్టి కాగితపు భాష ఒక్క పక్షం సొత్తు కాదు. మిచిగాన్, పెన్సిల్వేనియాల్లో ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు కార్మికులు విన్నదీ అలాంటి భాషే. మీ ఉద్యోగాలు చైనాకి, మెక్సికోకి పోయాయి, వెనక్కి తెస్తాను అన్న ట్రంప్ వాళ్ల చెవికి మనిషిలా వినిపించాడు. 2016 అధ్యక్ష ఎన్నికల్లో విస్కాన్సిన్‌తో కలిపి ఆ మూడు రాష్ట్రాల్లో అతని మెజారిటీ అంతా కూడితే సుమారు 78 వేల ఓట్లు. ఫలితం తేలింది అక్కడే.

తర్వాత తాతా మనవరాలూ కలిసి ట్రంప్ ప్రసంగం ఒకటి పది నిమిషాలు వినాలి. వాట్సాప్ ముక్క పనికిరాదు, చప్పట్లు తప్ప ముందూ వెనకా కోసేసి ఉంటాయి. నోట్‌బుక్కులో మూడు గళ్లు గీయండి: ఏ కష్టం గురించి మాట్లాడాడు, ఏం చేస్తానన్నాడు, ఆ భారం ఎవరి మీద పడుతుంది. మొదటి గడి గబగబా నిండుతుంది, ఆ కష్టాలు చాలావరకు నిజమే. మూడోది ఖాళీగా ఉంటుంది, సూటి మాట దాటేసేది దాన్నే. దిగుమతి సుంకం విదేశాలే కడతాయంటాడు. కస్టమ్స్‌కి కట్టేది అమెరికాలో సరుకు దింపుకునే కంపెనీ. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకి లక్ష డాలర్లు కట్టాలన్నారు. పక్కింటి కుర్రాడు ఆ వీసా కోసమే చూస్తుంటే ఆ గడి తాతయ్యే నింపుతారు.

పిల్ల మొదటి ప్రశ్న "ఎందుకు నచ్చాడు?" కాకుండా "ఏ మాట నచ్చింది తాతయ్యా?" అయితే జవాబు వస్తుంది. ముందుది నిలదీసినట్టుంటుంది.

ఓటు లెక్క కూడా చెప్పండి. అమెరికాలో పుట్టిన పిల్లకి పద్దెనిమిదేళ్లకి అక్కడ ఓటు. హెచ్-1బి మీదున్న నాన్నకి అక్కడ లేదు. విదేశాల్లో ఉండే భారత పౌరులకి ఉన్న ఫారం 6ఏ నింపితే పాస్‌పోర్టులోని విశాఖ చిరునామా మీద ఓటరుగా నమోదు కావచ్చు, కానీ వేయడానికి పాస్‌పోర్టు పట్టుకుని బూత్‌కి రావాల్సిందే. అమెరికా పౌరసత్వం తీసుకుంటే ఓసీఐ (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లకిచ్చే) కార్డున్నా ఇక్కడ ఓటుండదు.