కత్తిరించేది మనం, కుట్టేది కణం

పోయిన నెల ఒక రాత్రి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. పుట్టిన పిల్లలకి మడమలో సూది గుచ్చి తీసే చుక్క రక్తంతో చేసే టెస్టులో వాళ్ల బాబు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బుకి క్యారియర్ అని వచ్చిందట. "అక్కా, నువ్వు ల్యాబ్‌లో పని చేశావు కదా, ఇప్పుడు జీన్‌లో తప్పుంటే ఎడిట్ చేసేస్తున్నారంటున్నారు, మరి వీడికీ ఒకసారి చేయించేస్తే పోదా?" అంది. గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. క్యారియర్ అంటే జబ్బు కాదమ్మా, వాడికి ఏ వైద్యమూ అక్కర్లేదు, ముందు నువ్వు పడుకో అని చెప్పి పెట్టేశాను. కానీ 'ఎడిట్ చేసేస్తున్నారు' అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. తనొక్కతే కాదు, చదువుకున్నవాళ్లు, పేపర్లు చూసేవాళ్లు కూడా ఇదే మాట ఇలాగే అంటారు. తనకి ఫోన్‌లో చెప్పలేకపోయింది తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

ఎడిట్ అనగానే మెసేజ్‌లో తప్పు పడిన అక్షరాన్ని చెరిపి సరైనది కొట్టినట్టు అనుకుంటాం. జీన్ ఎడిటింగ్‌కి ఇప్పుడు వాడే క్రిస్పర్ అనే పద్ధతి చేసే పని అది కాదు. డీఎన్ఏ అంటే ఏ, టీ, సీ, జీ అనే నాలుగే అక్షరాలతో జంటగా సాగే రెండు పోగులు. కాస్9 అనే ప్రొటీన్ ఉంటుంది, దానికి 20 అక్షరాల ఆర్ఎన్ఏ గైడ్ ఒకటి తగిలిస్తాం. అది మన డీఎన్ఏలోని 300 కోట్ల అక్షరాల మధ్య తిరుగుతూ ఆ 20 అక్షరాలకీ జోడీ కుదిరే చోటు దొరికినప్పుడు అక్కడ రెండు పోగుల్నీ తెంపుతుంది. అంతే, అక్కడితో దాని పని అయిపోయింది. ఆ తర్వాత ఏం జరగాలన్నది మన చేతుల్లో లేదు, ఆ కణం చేతుల్లో ఉంది.

డీఎన్ఏ తెగిందంటే కణానికి ఇల్లు అంటుకున్నంత పని. వెంటనే దాని సొంత రిపేరు ప్రొటీన్లు పరుగెత్తుకొచ్చి తెగిన రెండు కొసల్నీ పట్టి అతికించేస్తాయి. ఆ హడావుడిలో ఒక అక్షరం పోవచ్చు, ఒకటి అదనంగా చేరొచ్చు, ఒక్కోసారి పది పోవచ్చు. సరైన అక్షరాలున్న నమూనా ఒకటి మనం పక్కన పెడితే కణం దాన్ని చూసి రాసుకునే దారి కూడా ఉంది కానీ, అది ఎక్కువగా విభజన చెందే కణాల్లోనే నడుస్తుంది, అక్కడ కూడా కొన్నిట్లోనే.

నేను ఇది మొదటిసారి కళ్లతో చూసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. ఒక డిష్‌లో పెంచిన కణాల్లో కాస్9 పెట్టి, మూడు రోజులాగి వాటి డీఎన్ఏ తీసి, పీసీఆర్ చేసి, అంటే కావలసిన ముక్కకి బోలెడు కాపీలు తీసి, సీక్వెన్సింగ్‌కి, అంటే అక్షరాలు చదివించడానికి పంపాను. ఫైలు తెరిస్తే స్క్రీన్ మీద రంగురంగుల శిఖరాలు వరసగా వస్తాయి: ఏ పచ్చ, టీ ఎరుపు, సీ నీలం, జీ నలుపు. ఒక్కో శిఖరం విడివిడిగా, ముగ్గు చుక్కలంత పద్ధతిగా వెళ్తోంది. సరిగ్గా కత్తెర పడిన చోటికి వచ్చేసరికి అంతా కలగాపులగం. ఒకే చోట పచ్చా, ఎరుపూ, నీలమూ ఒకదాని మీద ఒకటి పడి, అక్కడినుంచి చివరిదాకా ఒక్క అక్షరం కూడా చదవలేం. ప్రయోగం పాడైందనుకుని కంగారు పడ్డాను. పక్క బెంచీలో పనిచేసే సీనియర్ చూసి, ఇదేనమ్మా పని అయిందనడానికి గుర్తు అన్నారు. కత్తెర ఒక్కటే, తెగిన చోటూ ఒక్కటే, కానీ లక్షల కణాలు తలా ఒక రకంగా కుట్టుకున్నాయి, వాటన్నిటినీ కలిపి చదివితే అలా కనపడుతుంది. ఎడిటింగ్ అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ గందరగోళమే గుర్తొస్తుంది.

పైగా ఆ టెస్టులో కనపడనివి కూడా ఉంటాయి. కత్తిరించిన చోట కొన్ని కణాల్లో వేల అక్షరాలు ఒక్కసారిగా ఎగిరిపోతున్నాయని 2018లో బ్రిటన్ శాస్త్రవేత్తలు చూపించారు. మామూలు పీసీఆర్‌లో అవి దొరకవు, ఎందుకంటే కాపీ మొదలవ్వాలంటే ప్రైమర్ అనే చిన్న ముక్క అతుక్కోవాలి, అది అతుక్కునే చోటే అక్కడ మిగలదు కదా. అప్పటినుంచి ఈ పని చేసేవాళ్లు వెతికే పద్ధతులే మార్చుకున్నారు. అది నాకు చాలా గౌరవం కలిగించిన విషయం.

అసలీ కత్తెర కూడా మనుషులు చేసింది కాదు. బ్యాక్టీరియా తన మీద పడ్డ వైరస్‌ల డీఎన్ఏ ముక్కల్ని తన డీఎన్ఏలోనే వరసగా దాచుకుంటుంది, అదే వైరస్ మళ్లీ వస్తే ఆ ముక్కతో గుర్తుపట్టి నరికేస్తుంది. స్పెయిన్‌లో ఉప్పు మడుగుల్లో బతికే సూక్ష్మజీవుల మీద పనిచేసిన ఫ్రాన్సిస్కో మోహికా ఈ వరసల వెంట ఏళ్ల తరబడి పడి, అవి వైరస్‌ల జ్ఞాపకాలని 2003లో పసిగట్టారు. ఆ పేపర్‌ని చాలా జర్నళ్లు తిప్పి పంపాయి, చివరికి 2005లో అచ్చయింది. 2012లో ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా కలిసి దాన్ని మనం కోరిన చోట కత్తిరించే పనిముట్టుగా మార్చారు, 2020లో నోబెల్ వచ్చింది. నోబెల్ కథ అందరికీ తెలుసు కాబట్టి ఆ ఉప్పు మడుగుల పెద్దాయన సంగతి ఇంకొంచెం గట్టిగా చెప్పాలనిపిస్తుంది నాకు.

ఇక సికిల్ సెల్ దగ్గరికి వస్తాను, మా చెల్లి అడిగింది దాని గురించే కాబట్టి. 11వ క్రోమోజోమ్ మీద బీటా గ్లోబిన్ అనే జీన్ ఉంది, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో ఒక భాగం దాన్నుంచే తయారవుతుంది. అది మొదలైన కాసేపటికి అక్షరాలు ఇలా వెళ్తాయి: సీసీటీ, జీఏజీ, జీఏజీ. ఇందులో మొదటి జీఏజీలోని ఏ బదులు టీ ఉంటే, అంటే జీటీజీ అయితే, హిమోగ్లోబిన్‌లో ఆ స్థానంలో గ్లూటమిక్ ఆసిడ్ అనే ప్రొటీన్ ఇటుక పోయి వేలిన్ అనే ఇంకో ఇటుక వస్తుంది. మార్పు అంతే. కానీ ఆక్సిజన్ దింపేశాక ఆ హిమోగ్లోబిన్‌లు ఒకదానికొకటి అతుక్కుని కడ్డీల్లా తయారై ఎర్రకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. 120 రోజులు బతకాల్సిన కణం 10, 20 రోజుల్లో చచ్చిపోతుంది. సన్నని రక్తనాళాల్లో అడ్డంపడి భరించలేని నొప్పి, ఎప్పుడు వస్తుందో తెలియదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ అలాంటివే వస్తే జబ్బు, ఒక్కటే వస్తే క్యారియర్.

2023 నవంబర్‌లో బ్రిటన్‌లో, డిసెంబర్‌లో అమెరికాలో దీనికి కాస్జెవీ అనే క్రిస్పర్ చికిత్సకి అనుమతి వచ్చింది. ప్రపంచంలో క్రిస్పర్‌తో వచ్చిన మొదటి మందు అదే. ఇప్పుడు అడిగితే దాదాపు అందరూ ఆ టీని మళ్లీ ఏ చేస్తారు అనే అంటారు. చేయరు! ఆ అక్షరాన్ని ముట్టుకోనే ముట్టుకోరు. ఆ చికిత్స తీసుకున్న మనిషి డీఎన్ఏలో జీటీజీ అలాగే ఉంటుంది.

మరి ఏం చేస్తారు? కడుపులో ఉన్నప్పుడు బిడ్డకి వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది, తల్లి రక్తం నుంచి ఆక్సిజన్ లాక్కోవడానికి. పుట్టిన కొన్ని నెలలకి అది తగ్గిపోయి పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ వస్తుంది, సికిల్ సెల్ ఉన్న పిల్లలకి మొదటి నెలల్లో లక్షణాలు కనపడకపోవడానికి కారణం అదే. ఆ పాతదాన్ని ఆపేసే ప్రొటీన్ పేరు బీసీఎల్11ఏ, దాని జీన్ 2వ క్రోమోజోమ్ మీద ఉంది. రక్తం తయారుచేసే కణాల్లో ఆ జీన్‌ని ఆన్ చేసే స్విచ్‌ని కాస్9తో కత్తిరిస్తారు. కణం ఎప్పట్లాగే హడావుడిగా కుట్టుకుంటుంది, స్విచ్ పాడవుతుంది, బీసీఎల్11ఏ తగ్గుతుంది, బిడ్డప్పటి హిమోగ్లోబిన్ మళ్లీ వస్తుంది. జబ్బు ఉన్నది 11లో, కత్తెర పెట్టింది 2లో.

కణం సరిగ్గా కుట్టదు అన్న లోపాన్నే ఇక్కడ పనికి వాడుకున్నారు. బాగుచేయడం చేతకానప్పుడు ఏది చెడగొడితే మేలు జరుగుతుందో వెతికి పట్టుకున్నారు, అది కూడా సికిల్ జీన్ ఉండి కూడా పిల్లనాటి హిమోగ్లోబిన్ పుట్టుకతోనే ఆగకుండా కొనసాగడం వల్ల బాధ లేకుండా బతికేస్తున్న మనుషుల్ని చూసి నేర్చుకున్న పాఠం. జన్యుశాస్త్రంలో నాకు ఇంతకన్నా అందంగా కనపడే ఆలోచన లేదు.

అయితే ఆ మనిషి పడాల్సింది తక్కువేమీ కాదు. ముందు రక్తంలోంచి మూలకణాలు తీయాలి, ల్యాబ్‌లో వాటికి కరెంటు షాక్ ఇచ్చి కాస్9 లోపలికి పంపాలి, అవి సిద్ధమయ్యాక ఎముక మజ్జలో మిగిలిన పాత కణాల్ని కీమోతో చంపాలి, అప్పుడు కొత్తవి ఎక్కించి అవి నిలదొక్కుకునేదాకా వారాల తరబడి ఆసుపత్రిలో ఉంచాలి. జుట్టు ఊడుతుంది, పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినొచ్చు. 'ఒకసారి చేయించేస్తే' అనే రకం పని కాదు ఇది.

ఒక్క అక్షరాన్ని నిజంగా మార్చే పద్ధతి లేదా అంటే ఉంది. డేవిడ్ లియు ల్యాబ్ 2016, 2017ల్లో బేస్ ఎడిటింగ్ తెచ్చింది, ఇందులో రెండు పోగులూ ఒకేసారి తెగిపోవు, ఒక అక్షరాన్ని రసాయనికంగా ఇంకో అక్షరంగా మారుస్తారు. దానికీ హద్దులున్నాయి, ఏని జీ చేయగలదు, సీని టీ చేయగలదు, సికిల్ సెల్‌కి కావలసినట్టు టీని తిరిగి ఏ చేయలేదు. అందుకని వాళ్లు జీటీజీని జీసీజీ చేశారు! ఎదురు పోగులో టీకి జోడీగా ఉన్న ఏని జీ చేస్తే, ఇటువైపు టీ కాస్తా సీ అవుతుంది. అప్పుడు వేలిన్ బదులు అలనిన్ వస్తుంది. అలా ఉండే హిమోగ్లోబిన్ ప్రకృతిలో ముందే ఉంది, ఇండోనేషియాలోని మకస్సర్ పేరుతో పిలుస్తారు, అది కొడవలిలా వంగదు. ఎలుకల్లో ఇది పనిచేసిందని 2021లో చూపించారు.

తెంపే కత్తెరైనా, అక్షరం మార్చే రబ్బరైనా కణం లోపలికి చేర్చడం ఎలా అన్నదే అసలు కష్టం. మన ఒంట్లో దాదాపు 37 లక్షల కోట్ల కణాలున్నాయి. రక్తకణాలైతే బయటికి తీసి మళ్లీ పెట్టొచ్చు. మెదడుని అలా తీయలేం కదా. కాలేయం మాత్రం రక్తంలో తిరిగే సన్నని కొవ్వు బిందువుల్ని తనంతట తాను లాక్కుంటుంది, కాబట్టి ఆ బిందువుల్లో పెట్టి పంపితే చేరిపోతుంది. వార్తల్లో వచ్చే జీన్ చికిత్సల్లో రక్తం, కాలేయం, కన్ను పదేపదే కనపడడం అందుకే, అవి మనం చేరుకోగలిగిన చోట్లు. 2025లో అమెరికాలో అమోనియాని వదిలించుకోలేని అరుదైన జబ్బుతో పుట్టిన ఒక పసివాడికి, వాడి ఒక్కడి తప్పు అక్షరం కోసమే ఆరు నెలల్లో బేస్ ఎడిటర్ తయారుచేసి ఇచ్చారు. కిరణ్ ముసునూరు, రెబెక్కా ఆరెన్స్-నిక్లస్ అనే డాక్టర్లు నడిపించారు. జబ్బు కాలేయంలో కాబట్టి కుదిరింది. వాడు ప్రొటీన్ ఎక్కువ తినగలుగుతున్నాడు, మందుల డోసు తగ్గింది, పూర్తిగా నయమైందని మాత్రం ఆ డాక్టర్లే అనలేదు. ఆ వార్త చదివిన రోజు నాకు కళ్ళు చెమర్చాయి.

పుట్టకముందే పిండంలోనే మార్చేస్తే అన్ని కణాలకీ చేరిపోతుందిగా అని కొందరంటారు. 2018లో చైనాలో హె జియాన్‌కుయ్ అదే చేశాడు, హెచ్ఐవీ సోకకుండా అని సీసీఆర్5 జీన్ కత్తిరించి ఇద్దరు కవల ఆడపిల్లల్ని పుట్టించాడు. కొందరిలో సహజంగా ఆ జీన్ రెండు కాపీల్లోనూ 32 అక్షరాలు ఉండవు, వాళ్లకి రక్షణ ఉంటుంది. ఈ పిల్లలకి వచ్చింది ఆ మార్పు కాదు, కణం తోచినట్టు కుట్టిన వేరే మార్పులు, ఇంతకుముందు ఏ మనిషిలోనూ పరీక్షించనివి. నా స్క్రీన్ మీద చూసిన ఆ కలగాపులగాన్నే ఆయన బతికే మనుషుల్లో పెట్టాడు. పైగా సీసీఆర్5 లేకపోతే వెస్ట్ నైల్ వైరస్ సోకినప్పుడు జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువని అప్పటికే తెలుసు. ఆయనకి మూడేళ్ల జైలు పడింది. నాకు ఆ విషయంలో కోపం ఇప్పటికీ పోలేదు. కాస్జెవీ తీసుకునే మనిషి అన్నీ విని, భయపడి, ఆలోచించుకుని సంతకం పెడతాడు. ఆ పిల్లల్ని ఎవరడిగారు?

సికిల్ అక్షరం కూడా ఒట్టి తప్పు కాదు. ఒక్క కాపీ ఉన్నవాళ్లకి ప్రాణం తీసే మలేరియా నుంచి చాలావరకు రక్షణ ఉంటుందని ఆంథొనీ ఆలిసన్ 1954లోనే చూపించారు. మలేరియా ఉన్న చోట్ల అది తరతరాలుగా నిలిచింది అందుకే.

మర్నాడు చెల్లికి మళ్లీ ఫోన్ చేసి ఇంత చెప్పలేదు. బాబుకి ఒక కాపీ మీ ఇద్దరిలో ఎవరో ఒకరి నుంచి వచ్చింది, మీ ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, కాబట్టి ఇద్దరూ రక్తం ఇచ్చి హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించుకోండి అని చెప్పాను. నిన్న రిపోర్టులు పంపింది. తను క్యారియర్, వాళ్లాయన కాదు. "అయితే రెండో బిడ్డకి భయం లేదా అక్కా?" అంది. ఈ జబ్బు భయం లేదు, నీలాగా క్యారియర్ అవ్వొచ్చు అంతే, అన్నాను. బాబు పెద్దయ్యాక ఈ కాగితం వాడికి కావాలి, ఫైల్లో పెట్టి దాచమని చెప్పాను.