బాఖ్ కోరల్‌లో మూడు కాలాలు

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీలు విన్న చెవికి జర్మన్ స్వరకర్త బాఖ్ ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పంపి పలికించే కీల వాద్యం) రచనల్లో బీడబ్ల్యూవీ 639 (ఆయన రచనల జాబితాలో సంఖ్య) త్వరగా పట్టుబడుతుంది. 'ప్రభువా, నిన్నే పిలుస్తున్నాను' అనే లూథరన్ చర్చి కీర్తన (కోరల్) ఇది. అలంకారాలు పక్కన పెడితే కుడిచేతి వరుస దెబ్బకు దాదాపు ఒక స్వరం, కాళ్లతో నొక్కే పెడల్ కీల వరుస రెండు స్వరాలు, ఎడమచెయ్యి నాలుగు. మనం ఒకదాని తర్వాత ఒకటి సాధన చేసే మూడు కాలాలూ ఇందులో ఒకేసారి నడుస్తాయి. శ్రుతి ఎఫ్, అంటే మన నాలుగో శ్రుతి. నటభైరవి రాగ స్వరాలు, కాకలి నిషాదం (పై నిషాదం) తగిలినచోట కీరవాణి రాగ ఛాయ.

బాఖ్ (1685–1750) వైమార్ ఆస్థానంలో ఉన్నప్పుడు (1708–1717) రాసిన 'చిన్న ఆర్గన్ పుస్తకం'లోది ఇది. 164 కీర్తనలకు చోటు ఉంచుకుని 46 మాత్రమే పూర్తిచేశాడు. పెడల్ సాధన కోసమని ముఖపత్రం మీదే చెప్పాడు కాబట్టి, ఆ వరుస వదిలేస్తే పాఠమే పోతుంది.

మన ఇళ్లలోని 61 కీల కీబోర్డుకు కాలి పెడల్ వరుస ఉండదు. మెట్రోనోమ్ 40 దగ్గర పెట్టి ముందు ఆ వరుసనే రికార్డు చెయ్యండి, ఒక స్థాయి కింద. పెడల్‌కు వాడే 16 అడుగుల గొట్టాలు రాసినదానికంటే ఒక స్థాయి కిందే పలుకుతాయి. రెండో ట్రాక్‌లో ఎడమచెయ్యి, మెత్తని ఫ్లూట్ శబ్దంతో. వాటి మీద కుడిచెయ్యి వేరే శబ్దంతో వాయించండి. రెండు చేతులకూ ఒకటే పెడితే కీర్తన వరుస మునిగిపోతుంది.

టచ్ సెన్సిటివిటీ (గట్టిగా నొక్కితే శబ్దం పెరిగే సదుపాయం) ఆపెయ్యాలి. ఆర్గన్ కీని గట్టిగా నొక్కినా గొట్టంలోకి వెళ్లే గాలి అంతే. కొత్త ఆర్గన్‌ను పరీక్షించేటప్పుడు బాఖ్ ముందుగా స్టాపులన్నీ (గొట్టాల వరుసలను తెరిచే పిడులు) లాగి దాని ఊపిరితిత్తులు, అంటే గాలి సరఫరా, బాగున్నాయో లేదో చూసేవాడని ఆయన కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమ్మానుయెల్ రాశాడు. గాలి ఉన్నంతసేపూ స్వరం తగ్గదు, అందుకే వేలు ఎప్పుడు తీశామన్నదే ఇక్కడ వాయింపు.

చాలామంది తప్పేది పెడల్ వరుసలోనే. ఒకే స్వరం మళ్లీ మళ్లీ వస్తుంది. వేలు ఆలస్యంగా లేస్తే అవన్నీ అతుక్కుని ఒకే మోతగా వినిపిస్తాయి. తర్వాతి స్వరానికి ముందు చిన్న ఖాళీ వదలండి. కుడిచేతిలో మాత్రం ఖాళీ రాకూడదు. కీ వదలకుండానే దాని మీద వేలు మార్చడం నేర్చుకోవాలి. స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ తొక్కి ఆ పని కానిస్తే ఎడమచేతి నాలుగు స్వరాలూ కలిసి ముద్దవుతాయి.

కీర్తన వరుస బోసిగా కుదిరాకే అలంకారాలు. అవి పక్క స్వరాన్ని తాకి వచ్చేవి, గమకంలా ఊపేవి కావు. స్వరాన్ని వంచే పిచ్ బెండ్ చక్రం జోలికి వెళ్లొద్దు.